దివాన్, దివాణం, దీవానా: ఏవి చుట్టాలు, ఏవి కావు

మీరు అడిగినవి నాలుగు. హైదరాబాదు దివాన్ దేవిడి బజారులో కొన్న దివాన్ సెట్, తాతగారి పాత భూమి కాగితాల్లో ఉన్న ‘దీవానీ’, ఇటలీ విమానాశ్రయం నుంచి మీ అమ్మాయి ఫొటో తీసి పంపిన ‘దొగానా’ బోర్డు, పాతబస్తీలో రోజూ చెవిన పడే ‘దీవానా హై క్యా’. ఇవన్నీ ఒకే మాటా అన్నది మీ ప్రశ్న. తెలుగులో రాసేటప్పుడు దివాన్ అనాలా, దీవాన్ అనాలా, దివాణం అనాలా అని కూడా అడిగారు.

మొదటి మూడూ ఒకే మాట. నాలుగోది కాదు. దాని పుట్టుక వేరు, వంశం వేరు. అయితే ఆ వంశం మన ఇంట్లోనే ఉంది, ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు మన సొంత మాట ఒకటి చూడండి. రాజు కొలువు తీరాడు అంటే సభ. వాడికి సర్కారు కొలువు దొరికింది అంటే ఉద్యోగం. బొమ్మల కొలువు అంటే మెట్ల మీద వరసగా పేర్చిన బొమ్మలు. ఈ మూడూ వేర్వేరు మాటలని ఎవరూ అనుకోరు, మధ్యలో ఉన్న మెట్లు మనకి తెలుస్తూనే ఉంటాయి కాబట్టి. కచేరీ కూడా ఇంతే. తాలూకా కచేరీలో దొరికేది పహాణీ నకలు, సంగీత కచేరీలో దొరికేది తని ఆవర్తనం. దివాన్ కూడా ఇలాగే మెట్టు మెట్టుగా అర్థం మార్చుకుంది. కాకపోతే దాని మెట్లు నాలుగు వేల ఏళ్లకు పైగా, డజను భాషల మధ్య చెదిరి ఉన్నాయి. వరసగా పేరిస్తే ఇలా వస్తాయి: మట్టి పలక, దాని మీది రాత, రాతలు కట్టిన చిట్టా, చిట్టాలుండే దఫ్తరు, దఫ్తరు నడిపే అధికారి లేదా మండలి, ఆ మండలి కూర్చునే గది, గదిలో గోడవారగా పరిచిన మెత్తటి ఆసనం. ఏ భాషలో ఏ అర్థం ఉందో చూస్తే, ఆ భాష ఏ మెట్టు మీదనుంచి మాటను ఎత్తుకెళ్లిందో చెప్పొచ్చు. అర్థాల జాబితా బట్టీ పట్టడం కంటే ఈ వరస గుర్తుపెట్టుకోవడం నయం.

పలక దగ్గర మొదలుపెడదాం. ఇప్పటి ఇరాక్ దక్షిణ భాగంలో ఉండిన సుమేరియన్లు తడి మట్టి పలకను ‘దుబ్’ అనేవారు. పలకలు రాసేవాడు ‘దుబ్-సర్’, రాత నేర్పే బడి ‘ఎ-దుబ్-బ’, అంటే పలకల ఇల్లు. ఆ మాటను అక్కాడియన్లు ‘తుప్పు’ అన్నారు (మన ఇనప తుప్పుకీ దీనికీ సంబంధం లేదు), వాళ్ల నుంచి ఎలమైట్లు ‘తుప్పి’గా తీసుకున్నారు. పర్షియాలో అకెమెనిడ్ రాజుల కొలువులో లెక్కలు రాసే భాష ఎలమైట్. అందుకే పాత పర్షియన్‌లోకి ‘దిపి’ అనే మాట వచ్చింది. అర్థం రాత, శాసనం. బెహిస్తూన్ కొండ మీద దరియస్ చెక్కించిన శాసనంలో ఈ మాట ఉంది. అది క్రీ.పూ. 520 ప్రాంతం నాటిది.

మనకి అసలు ఆసక్తికరమైన మలుపు ఇక్కడుంది. అశోకుడి శాసనాలు దేశం నలుమూలలా ఒకే పాఠంతో చెక్కారు కదా. గిర్నార్‌లో మొదటి వాక్యం ‘ఇయం ధంమలిపీ’ అని మొదలవుతుంది. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీ, మాన్‌సెహ్రాల్లో అదే వాక్యంలో ‘ధ్రమదిపి’ అని ఉంటుంది. ఆ ప్రాంతం అంతకుముందు పర్షియన్ల ఏలుబడిలో ఉంది, అక్కడి రాయసగాళ్ల నోట ‘దిపి’యే నిలిచింది. దేశం లోపలికి వచ్చేసరికి అది ‘లిపి’ అయింది. పూసు, అలుకు అనే అర్థమున్న ‘లిప్’ ధాతువు పక్కనే ఉండడంతో దకారం లకారం కావడం తేలికైంది. లిపి అచ్చంగా ఆ సంస్కృత ధాతువు నుంచే పుట్టిందనేవాళ్లూ ఉన్నారు. కానీ వాయవ్య శాసనాల్లో దిపి కళ్లెదుట కనబడుతుండగా ఆ వాదం నిలబెట్టడం కష్టం. ఎక్కువమంది భాషావేత్తలు పర్షియన్ మూలం వైపే ఉన్నారు, నా మొగ్గూ అటే. అంటే మనం రోజూ రాసే తెలుగు ‘లిపి’కీ, జమీందారు గారి ‘దివాణాని’కీ తాత ఒకడే.

ఇదే దిపి మీద ‘మోసేవాడు, చూసుకునేవాడు’ అనే ప్రత్యయం చేరి పహ్లవీలో, అంటే ఇస్లాముకి ముందరి ఫార్సీలో, ‘దిబీర్’, ఆ తర్వాత ఫార్సీలో ‘దబీర్’ అయింది. అర్థం రాయసగాడు, కార్యదర్శి. హైదరాబాదు కోట గోడకి మిగిలిన రెండు దర్వాజాల్లో ఒకటి దబీర్‌పురా దర్వాజా, రెండోది పురానాపూల్ దగ్గరిది. దబీర్‌పురా పేరులో ఉన్నది ఈ దబీరే. ఆర్మీనియన్ భాషలో ‘ద్పిర్’ అంటే రాయసగాడు, ‘ద్ప్రోత్స్’ అంటే బడి. అంటే దబీర్‌పురా దర్వాజాకీ, యెరెవాన్‌లో పిల్లలు వెళ్లే బడికీ మూలం ఒకటే మట్టి పలక.

రాతలు దాచే చోటు ‘దీవాన్’ అన్నది, అరబ్బుల కంటే ముందు పర్షియాని ఏలిన ససానియన్ల నాటి మాట. క్రీ.శ. 640 ప్రాంతంలో ఖలీఫా ఉమర్ సైనికులకి ఇవ్వాల్సిన భత్యాల జాబితా తయారు చేయించినప్పుడు ఆ జాబితాకి అరబ్బులు ఈ పేరే పెట్టారు. జీతాల రిజిస్టరు అన్నమాట. ఆ తర్వాత ఆ రిజిస్టరు ఉండే చోటుకీ అదే పేరు వచ్చింది. ఇరాక్‌లో పన్ను లెక్కలు మాత్రం క్రీ.శ. 700 దరిదాపుల దాకా ఫార్సీలోనే సాగాయి. లెక్క చేతిలో ఉన్నవాడి భాష అంత త్వరగా పోదు.

అరబ్బు నిఘంటువుల్లో ‘దవ్వన’ అనే క్రియ కనబడుతుంది, అర్థం నమోదు చేయడం. దీవాన్ ఆ క్రియ నుంచి పుట్టిందని కొందరు రాస్తారు. నడక తిరగబడింది. ముందు వచ్చింది నామవాచకం, దాని నుంచి క్రియ తీశారు. అరబిక్‌కి ఇది అలవాటే, బయటి మాట రాగానే దానికి మూడక్షరాల ధాతువు కల్పించి సొంతం చేసుకుంటుంది. ఆ ధాతువు నుంచే ‘ముదవ్వన’ పుట్టింది. ఇవాళ అరబ్బు దేశాల్లో బ్లాగును ఆ మాటతోనే పిలుస్తారు. దీవాన్ బహువచనం ‘దవావీన్’. మాట పూర్తిగా అరబిక్ వ్యాకరణంలోకి దిగిపోయిందనడానికి ఇదే గుర్తు.

ఇక మీ అమ్మాయి పంపిన బోర్డు. మధ్యధరా సముద్రం ఒడ్డున అరబ్బు రేవుల్లో సరుకు దింపగానే వర్తకుడు దీవాన్‌కి వెళ్లి లెక్క రాయించి సుంకం కట్టాలి. 1183లో అలెగ్జాండ్రియాలో దిగిన స్పెయిన్ యాత్రికుడు ఇబ్న్ జుబైర్, అక్కడ మూటలన్నీ విప్పించి, ప్రయాణికుల ఒళ్లు కూడా తడిమి చూశారని వాపోయాడు. వెనిస్, జెనోవా, పీసా వర్తకులకి దీవాన్ అంటే కవిత్వమూ కాదు, మంత్రీ కాదు, సుంకం వసూలు చేసే చోటు. అందుకే ఇటాలియన్‌లో దొగానా, ఫ్రెంచిలో దువాన్, కాటలాన్‌లో దువానా, మాల్టాలో ద్వానా, అన్నీ కస్టమ్సే.

స్పానిష్‌లో ‘అదువానా’ అంటారు. ముందున్న ‘అ’ ఎక్కడిదో హైదరాబాదు వాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు, పేర్లలో రోజూ వింటున్నదే. నిజాముల్‌ముల్క్ అన్నప్పుడు లకారం వినబడుతుంది, నిజాముద్దీన్ అన్నప్పుడు ఆ లకారం దకారంలో కలిసిపోతుంది. అరబిక్‌లో ‘అల్’ తర్వాత దాల్, అంటే ద అక్షరం, వస్తే లకారం పలకదు, దాల్ రెట్టింపవుతుంది. అల్-దీవాన్ నోట్లో అద్దీవాన్ అవుతుంది, స్పెయిన్ వాళ్లు ఆ అద్దీవాన్‌నే పట్టుకున్నారు. ఇటాలియన్లు ముందున్నది వదిలేసి మాట మాత్రం తీసుకున్నారు. దొగానాలోని గకారం తర్వాత చేరింది, పాత రాతల్లో దొఆనా, దుఆనా అనే రూపాలు కనిపిస్తాయి. వెనిస్ పాలకుడి బిరుదు ‘దోజె’కీ దొగానాకీ చుట్టరికం కలిపేవాళ్లున్నారు. అది తప్పు, ఆ బిరుదు లాటిన్ ‘దుక్స్’ నుంచి వచ్చింది.

ఇటాలియన్‌లోనే ‘దివానో’ అనే మాట కూడా ఉంది, అర్థం సోఫా. ఒక భాష ఒకే మాటను రెండు రేవుల్లో రెండుసార్లు దింపుకుంటే జరిగేది ఇదే. మొదటిసారి అరబ్బుల దగ్గర సుంకం మెట్టు మీద, రెండోసారి తుర్కుల దగ్గర ఆసనం మెట్టు మీద.

ఆ ఆసనం సంగతి. ఇస్తాంబుల్ తోప్‌కాపీ కోటలో సుల్తాను మంత్రిమండలి పేరు ‘దీవాన్-ఇ-హుమాయూన్’. ఆ గదిలో కుర్చీలుండవు. గోడల వెంబడి ఎత్తయిన అరుగులు, వాటి మీద పరుపులు, ఆనుకోవడానికి దిండ్లు. మండలి పేరు గదికీ, గది పేరు అరుగుకీ అంటుకుంది. ఇంగ్లీషులో ఈ మాట 16వ శతాబ్దం చివర్లో మండలి అనే అర్థంతో కనబడుతుంది, ఆసనం అనే అర్థం 18వ శతాబ్దం మొదట్లో వచ్చింది. రష్యన్‌లో, హంగేరియన్‌లో, గ్రీకులో ఇప్పుడిది సోఫాయే. పోలిష్‌లో మాత్రం ‘దివాన్’ అంటే తివాచీ. అరుగు వదిలేసి దాని మీద పరిచింది పట్టుకున్నారు. లండన్‌లో 19వ శతాబ్దంలో చుట్టలు కాలుస్తూ చదరంగం ఆడుకునే గదులనీ దివాన్‌లే అన్నారు. 1851లో ఆండర్సన్, కీసెరిట్స్‌కీ ఆడిన పేరుమోసిన ఆట స్ట్రాండ్ వీధిలోని అలాంటి చోటే జరిగింది.

మండలి మెట్టు మీద ఆగిపోయిన భాషలూ చాలానే ఉన్నాయి. మలేషియా పార్లమెంటు దిగువ సభ ‘దెవాన్ రక్యత్’. ఇందులో రెండో మాట మనకి తెలిసిన రయ్యతే, రైతు. మలయ్‌లో దెవాన్ అంటే సభ, పెద్ద హాలు కూడా. అక్కడే ‘దెవా’ అనే మాట ఉంది, అది సంస్కృత దేవుడు. రెంటినీ కలపకండి. టాంజానియాలో స్వాహిలీ మాట్లాడేవాళ్లకి ‘దివాని’ అంటే వార్డు కౌన్సిలరు, కవితల సంపుటి కూడా. కువైట్‌లో ‘దీవానియా’ అంటే ఇంట్లో మగవాళ్లు సాయంత్రం కూర్చుని మాట్లాడుకునే గది. సెర్బియాలో ‘దివానితి’ అంటే కబుర్లాడడం. అదే సెర్బియన్‌లో ‘దివన్’ అంటే అద్భుతమైన అనీ ఉంది. అది స్లావిక్ మాట, మనదానికి ఏమీ కాదు. ఇలాంటి చోటే ఎక్కువమంది బోల్తాపడతారు.

కవుల దీవాన్ వేరే దారి కాదు, చిట్టా మెట్టే. ‘కవిత్వం అరబ్బుల దీవాన్’ అని పాత సామెత. వాళ్ల వంశాలు, యుద్ధాలు, ఊళ్లు నమోదైన పుస్తకం కవిత్వమేనని. ఆ దారిలోనే ఒక కవి రచనలన్నీ కూర్చిన పుస్తకం దీవాన్ అయింది. ఉర్దూ, ఫార్సీ దీవాన్‌లో గజళ్లు రాసిన తేదీల వరసలో ఉండవు. ప్రతి షేర్ (రెండు పాదాల పద్యం) ఏ అక్షరంతో ముగుస్తుందో ఆ అక్షరం వరసలో, అలిఫ్‌తో మొదలై యే దాకా ఉంటాయి. కాబట్టి మొదట్లో ఉన్న గజల్ కవి పడుచుతనంలోదనీ, చివర్లోది ముసలితనంలోదనీ తేల్చేయకండి. మొదటిసారి దీవాన్ పట్టుకున్న పాఠకులు చేసే పొరపాటు ఇదే. గజల్‌లు, కసీదాలు (పొగడ్త పద్యాలు), మస్నవీలు (కథా కావ్యాలు) అన్నీ కలిసి ఉంటే దాన్ని కుల్లియాత్ అంటారు.

మన ఊరికి ఇందులో పెద్ద వాటా ఉంది. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దఖనీలో (దక్కన్ ఉర్దూలో) దీవాన్ ఉన్న తొలి కవుల్లో ముందువరసలోవాడు. ఆయన 1612లో పోయాక, 1616లో తమ్ముడి కొడుకు, అల్లుడు, తర్వాతి సుల్తాను అయిన మహమ్మద్ కుతుబ్‌షా ఆ రచనలన్నీ ఒకచోట చేర్పించాడు. మౌలాలీ కొండ కింద సమాధి ఉన్న మహ్‌లఖా బాయి చందా దీవాన్ 1798 నాటిది. ఉర్దూలో తొలి మహిళా దీవాన్ అదేనని చాలా చోట్ల చదువుతారు. కానీ లుత్ఫున్నిసా ఇంతియాజ్ దీవాన్ 1797 నాటిది, ఆమెకీ హైదరాబాదుతో సంబంధముంది. ‘తొలి’ అని రాసేముందు ఈ ఏడాది తేడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు దివాన్ దేవిడి. ఇక్కడ దివాన్ అంటే నిజాం ప్రధానమంత్రి. సాలార్‌జంగ్ వంశం వాళ్లు ఆ పదవి చేశారు. మొదటి సాలార్‌జంగ్ 24 ఏళ్ల వయసులో, 1853లో దివాన్ అయి, 1883లో పోయేదాకా ఉన్నాడు. మూడో సాలార్‌జంగ్ 1912 నుంచి 1914 దాకా. దేవిడి అంటే ఉర్దూ ‘డ్యోఢీ’, గుమ్మం, గుమ్మమున్న పెద్ద హవేలీ. 1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్ మ్యూజియం మొదట తెరిచింది ఆ దేవిడిలోనే, ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. దేవిడి పోయింది, గేట్లు మిగిలాయి, పేరు బట్టల బజారుకి దక్కింది. డ్యోఢీ తెలుగులో ఇంకో చోట కూడా బతికుంది: ‘దేవిడీమన్నా’. డ్యోఢీ మనా, అంటే గుమ్మం దగ్గరే అడ్డు, లోపలికి ప్రవేశం లేదు అని.

మీ కాగితాల్లోని ‘దీవానీ’ని కాస్త నెమ్మదిగా చదవాలి. ఈ మాటకి రెండు వాడుకలున్నాయి, ఏ కాగితమో చూసి తేల్చుకోవాలి. కోర్టు కాగితమైతే దీవానీ అంటే సివిల్, దాని ఎదుటిది ఫౌజ్‌దారీ, అంటే క్రిమినల్. 1765లో ఈస్టిండియా కంపెనీకి బెంగాల్ ‘దీవానీ’ దక్కింది అంటే శిస్తు వసూలు హక్కు. 1772లో శిస్తు, ఆస్తి తగాదాలు చూసే కోర్టులకి దీవానీ అదాలత్ అని పేరుపెట్టారు. శిస్తు వసూలు చేసేవాడే భూమి తగాదా తీర్చేవాడు, అందుకే సివిల్ అనే అర్థం వచ్చింది. భూమి కాగితమైతే సంగతి వేరు. నిజాం రాజ్యంలో శిస్తు నేరుగా సర్కారు ఖజానాకి వచ్చే ఇలాకా దీవానీ, నిజాం సొంత ఖర్చులకి పోయేది సర్ఫ్-ఎ-ఖాస్. ఇవి కాక ప్రభువుల చేతిలోని పాయిగాలు, జాగీర్లు, సంస్థానాలు.

ఇక్కడ రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. ఒకటి, దీవానీ అని కనబడగానే ప్రభుత్వ భూమి అనుకోవడం. కాదు. శిస్తు ఎవరికి చెల్లుతుందో ఆ మాట చెప్తుంది, భూమి ఎవరిదో చెప్పదు. దీవానీ ఇలాకాలో పట్టాదారు పట్టాదారే. ప్రభుత్వ భూమికి రికార్డులో ‘సర్కారీ’ లాంటి మాట విడిగా ఉంటుంది. రెండోది, అదే సర్వే నంబరు పాత కాగితంలో సర్ఫ్-ఎ-ఖాస్ అనీ తర్వాతి కాగితంలో దీవానీ అనీ ఉంటే, మధ్యలో ఎవరో అమ్మారని కంగారుపడడం. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ మొత్తాన్ని దీవానీలో కలిపేశారు, జాగీర్లు రద్దయిందీ ఆ ఏడాదే. అది శాఖ మార్పు, అమ్మకం కాదు. కాగితం మీద ఫస్లీ (శిస్తు లెక్కల) సంవత్సరం ఉంటే 590 కలపండి, ఆ ఏడు మొదలైన సంవత్సరం వస్తుంది. 591 కలిపితే ముగిసిన సంవత్సరం. 1358 ఫస్లీ అంటే 1948-49. ఆ తేదీ 1949కి అటా ఇటా అన్నది ముందు తేల్చుకుని, తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ (సర్వే నంబర్లవారీ భూమి రికార్డు)తో సరిపోల్చి చూడండి. హక్కు ఎవరిదన్నది మాత్రం ఈ ఒక్క మాట మీద తేలదు, దానికి వకీలు కావాలి.

కోస్తాలో, రాయలసీమలో నిలిచిన రూపం ‘దివాణం’. అది పదవీ కాదు, ఇలాకా కూడా కాదు. రాజుగారో జమీందారో ఉండే చోటు, వాళ్ల సర్కారు. దుకాన్ మనకి దుకాణం అయినట్టే దీవాన్ దివాణం అయింది, నకారం ణకారంగా మారి చివర ముకారం చేరింది. ఇలా ఒంటికి తెలుగు బట్ట కట్టుకున్న మాట ముందు వచ్చిందని, ‘దివాన్’ అని నకారపొల్లుతో నిలిచింది తర్వాత వచ్చిందని మోటుగా చెప్పొచ్చు. రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు, బ్రిటిష్ వాళ్ల బిరుదు దివాన్ బహదూర్ రెండో రకం.

మూడోసారి ఇది ఇంగ్లీషు ఓడెక్కి ఫర్నిచర్ షాపులోకి దిగింది. ‘దివాన్ కాట్’లో రెండు మాటలూ తూర్పు దేశాల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లి తిరిగొచ్చినవే. కాట్ ఇంగ్లీషు వాళ్లు హిందీ ‘ఖాట్’ నుంచి తీసుకున్నది. దాని వెనక సంస్కృత ఖట్వ ఉంది, ఆ ఖట్వని తమిళ కట్టిల్‌తో కలిపి ద్రావిడ మాటంటారు భాషావేత్తలు. మీరు కొన్న సెట్ విప్పి చూడండి. సాధారణంగా ఎనిమిది ముక్కలుంటాయి: 60×90 అంగుళాల దుప్పటి ఒకటి, 16×16 కుషన్ కవర్లు అయిదు, గుండ్రటి పొడుగు దిండ్లకి కవర్లు రెండు. ఆ పొడుగు దిండ్లే తోప్‌కాపీ అరుగు మీదివి, దేవిడీల్లో గావ్‌తకియాలనేవారు. తెలుగులో వాటికున్న బాలీసు అనే పేరూ ఫార్సీ ‘బాలిష్’ నుంచి వచ్చిందే. సుల్తాను మంత్రిమండలిలో మన హాలు దాకా చేరినవి ఈ రెండు దిండ్లు.

ఇక ‘దీవానా’. ఇబ్న్ ఖల్దూన్ 14వ శతాబ్దంలో ఒక కథ రాశాడు: పర్షియా చక్రవర్తి తన రాయసగాళ్లు మనసులో లెక్కలు వేసుకుంటూ తమలో తాము గొణుక్కుంటుంటే చూసి ‘దీవానా!’ అన్నాడట, పిచ్చివాళ్లని, దాన్నుంచే దఫ్తరుకి దీవాన్ అనే పేరొచ్చిందట. కథ బాగుంది, నిజం కాదు. దీవానాలో ఉన్నది ‘దీవ్’, అంటే భూతం. ‘ఆనా’ అంటే మాదిరి. భూతం పట్టినవాడిలా ఉన్నవాడు దీవానా. ఇరానీ దీవ్, మన దేవుడు ఒకే మూలంలోవి. ఇరాన్‌లో జరథుష్ట్ర మతం వచ్చాక పాత దేవుళ్లు భూతాలయ్యారు. ఇది వింతగా అనిపిస్తే తెలుగు చూడండి. దైవం వికృతి దయ్యం. పాత తెలుగులో దయ్యం అంటే దేవుడు కూడా, ఇప్పుడు పిశాచం. దీవానా హై క్యా అన్నదాన్ని దయ్యం పట్టిందా అని తెలుగు చేస్తే అర్థమే కాదు, వేరు కూడా అదే.

షాబాజ్‌గఢీ వాక్యం మళ్లీ చూడండి: ‘అయ ధ్రమదిపి దేవనప్రియస’. దిపి పక్కన దేవ. దీవాన్‌కి పుట్టిల్లు మొదటి మాట, దీవానాకి చుట్టం రెండోది. ఒకే వాక్యంలో ఆనుకుని కూర్చున్నా, రెంటికీ చుట్టరికం లేదు.

తేడా పట్టుకోవడానికి ఉర్దూ స్పెల్లింగ్ చాలు. దీవాన్: దాల్, యే, వావ్, అలిఫ్, నూన్. దీవానా: అవే, చివర హే. దీవానీకి చివర యే ఉంటుంది, కానీ ఇది రెండు వైపులా కోసే కత్తి, పిచ్చి పట్టిన ఆడమనిషిని కూడా దీవానీ అనే రాస్తారు. అక్కడ సందర్భమే దిక్కు. గోడ అనే దీవార్‌లో చివర రే, దివాలా తీయడంలోని దివాలాలో లామ్. ఆ రెండూ వేరే మాటలు. శికస్తా, అంటే గొలుసుకట్టు, రాతలో చుక్కలు ఎగిరిపోతాయి కాబట్టి పాత కాగితంలో యే, నూన్ రెండూ ఒకేలా చిన్న పన్నులా కనిపిస్తాయి. అక్షరం మీద కాక పక్కనున్న మాట మీద ఆధారపడండి: అదాలత్ (న్యాయస్థానం), ముకద్దమా (వ్యాజ్యం) ఉంటే కోర్టు, ఇలాకా, మౌజా (గ్రామం) ఉంటే భూమి. తెలుగు రికార్డుల్లో దొర్లే ఫార్సీ, అరబ్బీ మాటలకి బ్రౌన్ 1854లో విడిగా అచ్చు వేయించిన మిశ్రభాషా నిఘంటువు ఇప్పటికీ పనికొస్తుంది.

రాయడం సంగతి. పదవికి, బజారు పేరుకి, మంచానికి ‘దివాన్’ అని హ్రస్వంతో రాయండి, బోర్డుల మీదా బిల్లుల మీదా ఉన్నది అదే. కవితల సంపుటికి ‘దీవాన్’ అని దీర్ఘం, ఉర్దూ ఉచ్చారణకి దగ్గర. భూమికి, కోర్టుకి దీవానీ. జమీందారీ కథలోనైతే దివాణం తప్ప ఇంకోటి అతకదు. హైదరాబాదు దేవిడీకి మాత్రం దివాణం అని రాయకండి, అక్కడి పేరు దివాన్ దేవిడే. దొగానాకి తెలుగు కావాలంటే సుంకం చావడి ఉంది, కస్టమ్స్ అన్నా సరిపోతుంది.